జర

అచ్చంపేట తహసీలాఫీసు గోడకానుకొని
జిరాక్స్ దుకాణం రేకుల కింద
నా టైపు మిషను.
‘ద’ అక్షరం సగమే పడ్తది.
దయ, దరఖాస్తు, దండం,
ఏది కొట్టినా జర నలిగే వస్తది.

మొన్న వకీలు పురుషోత్తం
నోటీసు కాయితమొకటి ముందల పెట్టి
ఒక ఇంగ్లీషు మాట మీద వేలానిచ్చిండు.
మాలిఫయింగ్లీ.
‘దీనికి తెలుగేంది కాకా?’
అవతలోని కోపం చల్లబడేటట్టు,
మెత్తగ చేస్తున్నట్టు అని అర్థమట.
అంత పొడుగు మాట
మెత్తగ ఎట్లుంటదో నాకు సమజ్ కాలే.
అట్టలూడిన నా డిక్షనరీల
దాని తల్లి ఉన్నది గని పిల్ల లేదు.

‘సౌమ్యంగా’ అని కొట్టిన. తల అడ్డమూపిండు.
‘అనునయంగా’ అని కొట్టిన.
‘అలిగిన పెండ్లాన్ని బుజ్జగించినట్టున్నది’ అన్నడు.
ఆఖరికి ఆ జాగ కాళీ ఇడిచిపోయిండు.

ఇరవై ఏండ్ల సంది నా పనే అది గదా,
అరుపును అర్జీ చేసుడు.
‘మా వాటా నీళ్లు మలుపుకున్నరు దొంగలు’ అంటరు,
‘తమరి దృష్టికి తేవడమైనది’ అని కొడ్త.
‘సస్తున్నం’ అంటే ‘ఇబ్బందిగా ఉన్నది.’
తంగేడు చెక్క నానవెట్టిన నీళ్లల్ల
పచ్చితోలును ముంచి లేపినట్టు
మాటను ముంచి లేపుత.
తోలు మెత్తవడ్తది.
వాసన నా చేతులకు.

పని నేర్పిన అజీజుద్దీన్ సాబు చెప్పెటోడు:
జర్రా అంటే రేణువు బేటా,
కిటికీలకెళ్లి ఎండ వడ్డప్పుడు తేలే దుమ్ము.
బడి పుస్తకంలనేమో జర అంటే ముసలితనం.
ఏది నిజమో అడుగుదామంటే సాబు లేడు.

మంగళారం ఈదమ్మ వచ్చింది,
ఉప్పునుంతల దిక్కు నుంచి.
నలభై ఏండ్లు పల్లికాయ ఒలిచిన చేతులు.
మిషను మీద బొటనవేలు పెడితే
మనిషే లేదంటదట.
నాలుగు నెలల పింఛను ఆగింది.
ఉమ్మి తడిచేసి, కొంగుకు తుడిచి,
పది వేళ్లూ పెట్టి చూసిందట,
ఎన్కున్నోళ్లు కసురుకునేదాక.

నా ముందల చెయ్యి చాపింది.
శంఖం లేదు, చక్రం లేదు,
కడిగిన చింతగింజ లెక్క నున్నగున్నది ప్రతి వేలు.
ఇంత మెత్తగ ఎవలు చేసిండ్రు దీన్ని,
ఎవల కోపం చల్లార్చెటందుకు?

‘ఏం రాయమంటవమ్మా?’
‘జర నా వేలు నమ్మమని రాయి.’

జర.
కొట్టబోయి ఆగిన.
‘దయచేసి’ అంటే ఒంగినట్టయితది; ఆమె ఒంగలే.
‘కొంచెం’ అంటే కొలిచినట్టయితది; సగం నమ్మితే సాలదు.
‘కాస్త’ మా దిక్కు మాటే కాదు.
ఆమె నోట్లె ఆ రెండక్షరాలల్ల
బతిమిలాట ఉన్నది,
నువ్వూ ఒకల కడుపులకెళ్లే వచ్చినవు గదా అన్నట్టున్నది,
నమ్మిందాక ఈ మెట్టు మీదికెళ్లి లేవననే
మొండితనమూ ఉన్నది.

అర్జీల భాషల దానికి కుర్చీ లేదు.
అయినా కొట్టిన, ఉన్నదున్నట్టు,
సర్వే నంబర్ల లెక్క నిటారుగ నిలవెట్టి:
‘అయ్యా, జర నా వేలు నమ్ముండ్రి.’
పైన విషయం లేదు, సూచిక లేదు.
తంగేడు నీళ్లల్ల ముంచలే.

కింద సంతకం జాగల వేలిముద్ర ఎయ్యాలె.
ఇంకు ప్యాడు మీద అద్ది ఒత్తింది.
నల్లగ, గుండ్రంగ ఒక మచ్చ. లోపల ఏమీ లేదు.
ఆరేటట్టు ఊదింది దాన్ని,
పసిపిల్ల కంట్ల నలుసు ఊదినట్టు.

పురుషోత్తం నోటీసుల కాళీ ఇంకా అట్లనే ఉన్నది.

‘ఎంతియ్యాలె?’
‘నలభై.’
కొంగుముడి ఇప్పుకుంట
‘జర సూడు బిడ్డా’ అన్నది.

సూసిన.
ఇరవై తీసుకున్న.