పద్నాలుగో ఫ్రేము

అల్లిపురంలో కుళాయి అయిదింటికి వస్తుంది,
ఆరింటికి పోతుంది.
ఆ గంటలోనే
నిన్నటి మాటలన్నీ కడిగెయ్యాలి.

ముందు అట్టముక్కతో ఇంకు గీకి
డబ్బాలోకి తోడతాను.
తోడకుండా తుడిచేస్తే
లోకనాథం మాస్టారు మూడ్రోజులు మాట్లాడరు.
తర్వాత కిరసనాయిలు గుడ్డ,
ఇటొక చెయ్యి, అటొక చెయ్యి,
జ్వరం పిల్లకి వీపు తుడిచినట్టు.

ఆ పైన బ్లీచింగ్ నీళ్లు.
మున్సిపాలిటీ వాళ్లు కాలవ గట్టున చల్లేదే.
"గీక్కు వరాలూ, నాననీ.
ఎండిపోనిచ్చేవు సుమా!
ఎండిందంటే ఆ జాలీని జన్మకి వదలదు."
నాకు ఇరవయ్యేళ్లప్పుడు చెప్పారు.
ఎంతసేపు నాననివ్వాలో మాత్రం చెప్పలేదు.
అది వేలికి జిగట తగిలి తెలిసింది,
గోళ్లు తెల్లబడి తెలిసింది.

పైపు పట్టగానే
సున్నాల నడిమి చుక్కలు ముందు రాలతాయి.
అందరూ అక్షరాలు చెరిపేస్తున్నాననుకుంటారు.
అక్షరం మొదట్నుంచీ కన్నమే కదా,
కరిగేది దాని చుట్టూ ఉన్న గోడ.
అంతా కన్నమయ్యాక
ఏ కన్నం ఏ పేరో
ఎవరు చెప్తారు?

పద్నాలుగో ఫ్రేము చెక్క
పోర్టులో విప్పేసిన సరుకు పెట్టెది.
మూలన ఇప్పటికీ గొడుగు బొమ్మ ఉంది,
తడపొద్దని.
దాన్ని తొమ్మిదేళ్లుగా రోజూ తడుపుతున్నాను.

శ్రావణంలో ఒకరోజు
పెదజాలరిపేట నుంచి ధనరాజు వచ్చాడు.
మూడొందల కార్డులు అచ్చయ్యాక
పెళ్లి ఆగిపోయింది.
ఎందుకో ఆయన చెప్పలేదు, నేనడగలేదు.
బాకీ డబ్బులు చిల్లరతో సహా బల్లమీద పెట్టి
"ఆ జాలీ మీద మా పేర్లున్నాయి కదేటి,
నా కళ్లముందర కడిగీండి" అన్నాడు.

కడిగాను.
ఆయన చెప్పులు తడుస్తున్నా జరగలేదు.
పసుపు నురగ కాలవ దాకా వెళ్లడం చూశాడు.

ఎత్తి, మేడల సందు ఎండకి పట్టాను.
గులాబి రంగులో, వెనక్కి తిరిగి,
చి.ల.సౌ. నీలవేణి.
దాని కింద ఐసు ఫ్యాక్టరీ వాళ్ల ఎలుగుబంటి,
దాని కింద సమ్మె నోటీసులో సగం పిడికిలి,
ఇంకా కింద ఏదో బడి ప్రోగ్రెస్ కార్డు గళ్లు.
మాస్టారు దీన్ని దెయ్యం అంటారు.
నేను నీడంటాను.

"ఇంకా ఉంది" అన్నాడు.

కాస్టిక్ రాస్తే పల్చబడుతుంది,
జాలీ కూడా పల్చబడుతుంది.
ఆ మాట చెప్పలేదు.
ఫ్రేము ఆరబెట్టి, పాత పేపరు పరిచి,
నల్ల ఇంకు వేసి ఒక్కసారి లాగాను.
నల్లటి చదరం పడింది,
కొసా గీతా లేకుండా.
"చూడండి. కంటికి కనబడుతుంది,
అచ్చుపడదు."

చాలాసేపు చూశాడు ఆ నలుపులోకి.
తడారలేదండీ అని నేను అనేలోపే
నాలుగు మడతలు పెట్టి
తెల్లచొక్కా జేబులో వేసుకున్నాడు.

మధ్యాహ్నం చీకటిగదిలో
అదే జాలీకి మళ్లీ మందు పూశాను.
సముద్రపు గాలికి ఆరి చావదు,
ఫ్యాను కింద రెండు గంటలు.
ఈసారి రొయ్యల డబ్బాలు, అయిదొందలు:
ఐసులో ఉంచవలెను.

ఎక్కడో పోర్టు నుంచి
ఒక్క బొగ్గునలుసు వచ్చి తడిమీద కూచుంది.
దీపం కింద కాల్చి, కడిగాక చూస్తే
సూదిమొనంత కన్నం.
మూసెయ్యాలి, టేపు ముక్క చాలు.
పని తొందరలో మర్చిపోయాను.

అయిదొందల డబ్బాల మీదా
'ఉంచవలెను' పక్కన
ఎవరూ అడగని ఒక చుక్క
హార్బరు దాటి వెళ్లింది.