ఒత్తు

వజ్రవేలన్న జీవితమంతా ఊదింది ఒక్క స్వరమే.
షడ్జమం.
నాదస్వరం ముందు నిలబడి ఊళ్లేలుతుంటే
వెనకాల ఒత్తు పట్టుకున్నాడు, ముప్పయ్యొక్క ఏళ్లు.

చిత్తూరు గ్రీమ్స్‌పేటలో, వాళ్ల సెలూన్ అద్దం పైన
రెండు మేకుల మీద పడుకొని ఉంటుందది.
కింద గడ్డాలు రాలుతుంటాయి.

క్రాపుకెళ్లిన మొదటి రోజే అడిగాను,
అడగడానికి నాకు చాలాసేపు పట్టింది:
"ద్-దీని బొక్కలు మైనంతో ఎందుకు పూడ్చినారన్నా?"
"ఇంకో మాట మాట్లాడకుండా ఉండేదానికి"
అన్నాడు, నా చెవి దగ్గర కత్తెర ఆపకుండానే.

పెళ్లిళ్లలో ఫోటోవాళ్లు పక్కకు జరగమనేవాళ్లంట.
జరిగేవాడు, ఊదుతూనే.
బుగ్గల్లో పాత గాలి, ముక్కులో కొత్త గాలి,
తోడి ఏ సందులన్నీ తిరిగి ఎంత పొద్దుపోయి వచ్చినా
గడియ పెట్టని ఇల్లులాగా ఉండేవాడు.

ఒక ఏడు తిరుపతిలో, గంగ జాతర రాత్రి
పెద్ద మేస్త్రి ఒళ్లు కాలిపోతా భైరవిలో దారి తప్పాడు.
జనానికి తెలీలేదు.
వజ్రవేలన్న ఇంకాస్త గట్టిగా ఊదాడు, అంతే.
"తెల్లారి ఇడ్లీ పొట్లం ఆయనే తెచ్చి చేతిలో పెట్టినాడు నాకు."
ఆయన చెప్పుకునే సన్మానం ఇదొక్కటే.

తర్వాత శృతిపెట్టె వచ్చింది.
దానికి బస్సు చార్జీ వద్దు, బంతిలో ఆకు వద్దు.
ఈయన తిట్టలేదు. చెవి ఆనించి విని
"మంచి శృతే. దగ్గు గూడా రాదు" అన్నాడు.

మంగళవారం షాపు సెలవు.
సాయంత్రం ఆరుకు కుర్చీలు వీధి వైపు తిప్పుతాడు.
బెల్లం మండీలో మూటలు దించే సెల్వం వస్తాడు,
డయాలిసిస్ వార్డు నర్సు ఇందుమతక్క వస్తుంది,
తాగుడు మాని నలభై రోజులైన ఆటో కాజామొయిద్దీన్,
బడిలో హాజరు పలకలేని నేను.

రాగాలు నేర్పడు. నాకే రావంటాడు
(అబద్ధం. కత్తి నూరేటప్పుడు నేను విన్నాను).
జీవాళి నీళ్లలో నానబెట్టి ఒక్కొక్కరికీ ఇస్తాడు.
మొదటి నెలంతా పిల్లుల కొట్లాటే.
పక్క పంక్చర్ షాపాయన అరవడానికి వచ్చి
స్టూలు మీద కూర్చున్నాడు. ఇంకా లేవలేదు.

నా పేరు మొదటి అక్షరంలోనే నేను రోజూ ఇరుక్కుపోతాను.
ఈ స్వరంలో ఇరుక్కోడానికి అక్షరమే లేదు.
మొన్న నలభై సెకన్లు నిలబడింది.
ఇందుమతక్క వాచీ చూసి చెప్పింది,
నాడి లెక్కపెట్టినట్టు.

పోయిన వారం మేమంతా ఒకరి ఊపిరికి ఒకరం అతుకేస్తూ
షడ్జమాన్ని సాగదీస్తున్నాం.
వజ్రవేలన్న గిరాకీ కుర్చీలోనే తల వాల్చి నిద్రపోయాడు,
నోరు కొంచెం తెరిచి, ముందు రెండు పళ్లు లేవు.
ఎంతసేపో. రోడ్డు మీద వేలూరు బస్సు హారన్ కొట్టింది,
మా వరస తెగింది.

ఉలిక్కిపడి లేచాడు.
"ఎవుర్రా తలుపేసింది?"