ఆఖరి తూము

మిర్యాలగూడ, వేములపల్లి రోడ్డు.
రాత్రి పదకొండు దాటినంక కాంటా మీదికి
గంటకో లారీ వస్తది, లేకుంటే లేదు.
తూకం చూపే కంప్యూటర్లనే ఇంకో కిటికీ తెరుస్త.
అందుల నాకొక జట్టున్నది.
మంచు కురిసే ఏదో దేశం, మూడో డివిజను,
ఊరి పేరు పలకబోతే నాలిక మడతపడ్తది.
పందొమ్మిది మ్యాచులు. నాలుగు గెలుపులు.

నా ముందరి ఆటగాడు
ఎనిమిది మ్యాచుల నుంచి గోలు కొట్టలే.
బక్కగ, పొడుగ్గ, జుట్టంత ఎర్రగ ఉంటడు.
జీతం అందరికన్న ఎక్కువ.
లెక్క తీస్తే తొంభై నిమిషాల్ల
బంతి తాకింది పదకొండు సార్లు.

అదే మ్యాచును సేవ్ చేసి పెట్టుకున్న.
ఓడినప్పుడల్ల వెనక్కి పోయి
ఒక్కటంటే ఒక్కటే మారుస్త.
రెండు మారిస్తే ఏది పనిచేసిందో తెల్వదు గద.
డిఫెన్సు గీత రెండడుగులు పైకి జరిపిన: సున్న–రెండు.
ప్రెస్సింగు పెంచిన: అరవయ్యో నిమిషానికే
అందరికీ ఆయాసం, సున్న–మూడు.
పొడుగు పాసులు కొట్టమన్న.
బంతి ఆకాశమంత తిరిగి
వాళ్ళ గోల్‌కీపర్ చేతుల్లనే దిగింది.
అన్నీ నోటుబుక్కుల రాసుకున్న, లారీ నంబర్ల పక్కనే:
తేమ పదిహేడు శాతం, ఖాళీ బండి, నికరం, ఓటమి.

మట్టయ్య తాత వచ్చి స్టూలు లాక్కున్నడు.
ఎడమ కాలువ మీద ముప్పై ఆరేండ్లు లష్కరు,
ఇప్పుడు మిల్లుకు వాచ్‌మన్.
ఊక కాడ నిప్పేందని సేటు తిట్టిన కాన్నుంచి
బీడీని వెలిగియ్యకుండ చెవి మీదనే పెట్టుకుంటడు.
ఫుట్‌బాల్ అంటె ఏందో ఆయనకు ఎరుక లేదు.
పైనుంచి కనపడే చుక్కల్ని మాత్రం చూసిండు,
పదకొండు పసుపు, పదకొండు నీలం,
నీళ్ళు పారే తీరు చూసినట్టు,
మాట్లాడకుండ, శానా సేపు.

"పై తూములన్నీ బార్ల తెరిసి పెట్టినవ్," అన్నడు.
"నడుమ ముగ్గురు కడుపు నిండ తాగుతున్నరు.
ఆఖరి తూమోడు, గా ఎర్ర జుట్టోడు,
ఎండిపోక ఏం జేస్తడు?
వాణ్ణి తిడుతున్నవా?
చివరి భూములోళ్ళను గూడ ఆఫీసుల గిట్లనే తిట్టేటోళ్ళు,
పంట తీస్తలేరని."

నడిమోళ్ళకు వారాబందీ పెట్టిన.
మనిషికి రెండు తాకులే, మూడోది లేదు.
ఒకన్ని ఎడమ గట్టు వెంట పైకి పంపిన.
ముప్పై ఒకటో నిమిషం.
బంతి మలుపు తిరిగి, పిల్లకాలువల పడి,
ఎవ్వడూ అడ్డం కట్టక,
ఎర్ర జుట్టోని కాళ్ళ దాకా
తడి పాకినట్టు వచ్చింది.
గోలు!
నేను కుర్చీల నుంచి లేచిన. తాత లేవలే.
"వచ్చిన నీళ్ళను చూసి మురవకు. గట్టు చూడు."

ఎంతోసేపు పట్టలే.
ఎడమ గట్టోడు పైకి పోయిన జాగల
గండి పడ్డది. ఒకటి–ఒకటి.
ఎనభై ఎనిమిదిల ఇంకోటి.

చెయ్యి దానంతటదే మౌసు మీదికి పోయింది.
"వెనక్కి పోవచ్చునా ఇందుల?" అడిగిండు.
పోవచ్చన్న.
ఆయన నవ్వలే.
బీడీని చెవి మీంచి తీసి, చూసి,
మళ్ళ ఆడనే పెట్టిండు.
"ఒక రాత్రి," అన్నడు, "నిడమనూరు కాడ,
షట్టరు అర జానెడు దించి ఉంటే..."
మిగతాది చెప్పలే.

బయట హారను. హాలియా నుంచి వడ్ల లారీ.
టైర్లు కాంటా ఎక్కుతుంటే
రేకుల షెడ్డంత గజగజ ఊగింది.
అంకెలు ఊగి ఊగి నిలబడ్డయ్.
రాసుకొని, రసీదు చింపిచ్చి, వచ్చి కూసొని
ఓడిన మ్యాచునే సేవ్ చేసిన.
ఫైలుకు పేరడిగితే మట్టయ్య అని కొట్టిన.
శనివారం ఇంకో మ్యాచు.
ఎడమ గట్టు మీద ఎవన్ని నిలబెట్టాల్నో
ఇంక తెల్వలే.