గుండీ ఏ వైపు

జూన్ మొదటి వారం. పెరంబూరులో నా కొట్టు ముందు
యూనిఫాం గుడ్డలు చంకన పెట్టుకుని తల్లులు.
ఫ్యాక్టరీ సైరన్ మోగితే గానీ
నాకు టీ గుర్తుకు రాదు.

మగపిల్లల చొక్కాకి గుండీలు కుడివైపు,
ఆడపిల్లలకి ఎడమవైపు.
ఎందుకని మా మాస్టర్‌ని నేనెప్పుడూ అడగలేదు.
పదమూడేళ్లప్పుడు వేళ్లమీద స్కేలుతో కొట్టి నేర్పాడు,
ముప్పయ్యేళ్లుగా వేళ్లు తప్పలేదు.

నిన్న జమునమ్మ వచ్చింది, వెనకాల రత్నం.
పదో తరగతి. తాత మునిరత్నం పేరు.
"మగపిల్లాడనుకుని ముందే పెట్టేసుకున్నాం,
తీరా చూస్తే ఇది" అంటుంది తల్లి,
ఎన్నోసారో, ప్రతిసారీ నవ్వుతూనే.

"రెండు చుడీదార్లు గిరిజక్కా."
"ఒక చొక్కా" — ఆ మాట రత్నానిది.

"అంతా ఫోను నేర్పిన విద్య అక్కా.
బళ్లో ఇంకో ఇద్దరున్నారట ఇట్లాంటోళ్లు,
ఒకర్ని చూసి ఒకరు" —
జమునమ్మ వేళ్లు మడిచి లెక్క చెబుతోంది.
అబద్ధం కాకపోవచ్చు.
ఈ వయసుకి మాటలు జలుబులా అంటుకుంటాయి.
కానీ ఆ లెక్కలో మడవని వేళ్లు కొన్ని ఉన్నాయి:
చెవులు కుట్టిస్తూ బెల్లంముక్క నోట్లో పెట్టిన మేనమామ,
కాళ్లు దగ్గరగా పెట్టుకోమని విజిల్ ఊదే పీటీ టీచరు,
రాత్రి తొమ్మిదింటికి టీవీలో ఏడ్చే కోడళ్లు,
గులాబిరంగు రిబ్బన్లు —
అవి గజాల లెక్కన అమ్మింది నేనే.
నేర్పనిదెవరో చెప్పు జమునమ్మా,
అందామనుకున్నాను.
నోట్లో గుండుసూదులున్నాయి.

టేపు భుజాలకి ఆనించాను.
ఏదో దాచుకున్నట్టు ముందుకి ముడుచుకున్న భుజాలు.
"ఎట్లా కావాలి, వదులా, బిగువా?"
"ఇంకా నాకే తెలీదు ఆంటీ."
నేనడిగింది గుడ్డ సంగతి.

తల్లి పూలమ్మితో బేరంలో ఉండగా, గుసగుసగా:
"29సీలో కండక్టరు నన్ను 'తంబీ, ఉళ్ళే పో' అన్నాడు.
నా స్టాపు వచ్చింది. దిగబుద్ధి కాలేదు."

చెప్పేటప్పుడు ఆ మొహం చూశాను.
ఫోను నేర్పిందో, బస్సు నేర్పిందో,
ఎవరూ నేర్పకుండానే వచ్చిందో,
వచ్చే జూన్ దాకా ఉంటుందో ఉండదో —
ఇన్ని కొలతలు తీసిన దాన్ని,
దానికి నా దగ్గర టేపు లేదు.

చివరికి జమునమ్మే దిగొచ్చింది:
"సరే, ఒక్కటి. ఇంట్లో వేసుకునేదానికి."

మన భాషలో 'నేను' అన్నంతసేపూ చిక్కులేదు.
వచ్చాను, ఉన్నాను, దిగలేదు.
పక్కనోళ్లు నోరు తెరిచినప్పుడే
చివర ఒక 'డు' పడుతుంది, లేదా ఒక 'ది'.
రాత్రి ఈ సంగతి మా ఆయనకి చెప్పబోయి
"రత్నం వచ్చి..." దగ్గర ఆగిపోయాను.
"వచ్చి?" అన్నాడు, చారన్నం కలుపుతూ.
"వచ్చారు" అన్నాను.
"ఎవరు, కలెక్టరుగారా?"
పొలమారేదాకా నవ్వాడు.
నేనూ నవ్వాను. మాట మాత్రం మార్చుకోలేదు.

పొద్దున్నే చొక్కా కత్తిరించాను.
ఎదిగే పిల్లల గుడ్డకి
లోపల అంగుళంన్నర మడత వదలమనేవాడు మాస్టరు —
కొట్టకుండా నేర్పింది ఆ ఒక్కటే.
రెండంగుళాలు వదిలాను.
కాజాలు తీయలేదు.
ఆరు గుండీలూ కాగితంలో పొట్లం కట్టి
జేబులో వేశాను.
ఏ వైపో వచ్చినప్పుడు అడుగుతాను,
ఆ పూటకి చెప్పిన వైపు కుడతాను.

జమునమ్మ తిడుతుంది, తెలుసు.
శుక్రవారం రమ్మన్నాను.