బేస్‌మట్టం

"ఇది పగులేటి, గీతేటి మేస్త్రీ?"
నేను లుంగీ మడిచి మట్టిలో కూచోకముందే
అడిగింది దాలమ్మ.

నెల్లిమర్లలో చంపావతి వైపు వీధి.
పాత ఇల్లే, ఆమెకి కొత్త.
జూట్‌మిల్లులో పాతికేళ్ళు నార దువ్విన చేతులతో
మొన్న శ్రావణంలో కొనుక్కుంది.

ఈశాన్యం మూల, నేలకి రెండడుగుల ఎత్తున మొదలై
ఇటుకల సందులు పట్టుకుని
మెట్లు మెట్లుగా దిగింది పగులు,
దారి తెలిసిన మనిషిలా.

ముందు చెవితో చూడాలి గోడని.
తాపీ పిడితో కొట్టుకుంటూ వచ్చాను.
ఠంగు, ఠంగు, ఠంగు.
మూల దగ్గర డొల్ల.
రూపాయి బిళ్ళ పైన దూరింది, కింద దూరలేదు.
పైన వెడల్పు, కింద సన్నం
అంటే మూల కూర్చుంటోంది.
అడ్డంగా చీలితే వేరే జబ్బు, లోపలి మట్టి నెట్టడం.
జుట్టంత సన్నగా వంకర్లు పోతే జబ్బే కాదు,
పూత ఆరినప్పటి అలక.
పగుల్లో మసీ సాలీడు గూడూ ఉంటే పాతది.
ఇందులో ఇటుక
ఇప్పుడే కోసిన ఎర్రజాంపండులా తడిగా ఉంది.

"ఇక్కడ ముందు ఏటుండేదో నీకెరికా?"

ఎరికే.

చిన్న గెడ్డ ఉండేది.
ఎర్రకంకర తోలి పూడ్చి, ప్లాట్లు కొట్టి అమ్మారు.
అప్పుడు నాకు ఇరవయ్యారు.
నాలుగడుగులు తవ్వేసరికి
నల్లటి బురద, పీతల వాసన,
దింపిన గునపం పైకి రానంది.
"ఇంకో రెండడుగులు దిగాల" అన్నాను.
కంట్రాక్టరు సూర్రావు వాచీ చూసుకున్నాడు.
"ఇసక పోసీ, రాయి పరిసీ.
భూమిలోది ఎవుడు సూస్తాడు?"
పోసీసినాం.
తెలియక కాదు. శనివారం, కూలి ఇచ్చే రోజు.
ఆ డబ్బుల్తో మా గుంటకి చెప్పులు కొన్నాను,
నీలం పట్టీలవి.

ముప్పై రెండేళ్ళు ఎవడూ చూడలేదు.
మొన్న ఆశ్వయుజం తుపానుకి
నీళ్ళు చూశాయి.

దాలమ్మ టీ తెచ్చింది.
ఒక గుక్క తాగాను. నోట్లో సున్నం రుచి.
"ఈ మూల కట్టింది నానే" అన్నాను.

ఆమె అరవలేదు.
పగులు వైపు చూసింది, నా చేతుల వైపు చూసింది,
పెరట్లో కోడి ఏదో గీకుతుంటే దాన్ని అదిలించింది.
"అలగైతే నీకే బాగా తెలస్తాది.
సూడు."

కిటికీ అద్దం ముక్క, అగ్గిపెట్టె అంతది,
పగులుకి అడ్డంగా పెట్టి
రెండు కొసలా సిమెంటు ముద్ద వేశాను.
పక్కన పెన్సిలుతో తేదీ.
"ఇది పగిల్తే ఇల్లు ఇంకా కదుల్తున్నట్టు.
పగలకపోతే సర్దుకున్నట్టు.
అందాకా పూత మాత్రం పుయ్యకు తల్లీ,
అది నొప్పన్నవాడి నోరు మూసినట్టు."
డాబా మీది వాన గొట్టం
సరిగ్గా ఆ మూలకే పడుతోంది. దాన్ని వీధివైపు తిప్పాను.
కూలి వద్దన్నానని గొప్ప చెప్పుకోను.
తీసుకున్నాను, సగం.

ప్రతి శనివారం వెళ్ళి అద్దం తుడుస్తున్నాను.
మూడు వారాలు అందులో నా ముఖమే కనిపించింది,
ఒక్క ముక్కగా.

నాలుగో వారం తెల్లారకుండా ఫోను.
"మేస్త్రీ, రాత్రి టిక్కుమన్నాది."

గునపం సైకిలుకి కట్టాను.
"ఎంత లోతు పని?" అని మా గుంట అడిగింది.
ఇంకా రెండడుగులు మిగిలుందన్నాను.