కన్ను తప్పిన వరస

నర్సాపురంలో, కాలవ గట్టు పక్క ఎక్స్‌రే గదిలో
ముప్పై ఒక్క ఏళ్ళు నేనన్న మాటలు మూడే:
ఊపిరి పీల్చు. బిగబట్టు. వదులు.

నిలవని పిల్లల్ని మాత్రం చేత్తో పట్టుకునేవాణ్ణి.
తాటిచెట్టు మీంచి పడ్డవాడు,
సైకిలు చువ్వల్లో మడమ ఇరుక్కున్నది,
రొయ్యల చెరువు మోటారు బెల్టు లాగేసిన చెయ్యి.
సీసం ఏప్రాను మేకుకి వేలాడేది, బరువనీ, ఉక్కనీ.
నా ఎడంచేతి వేళ్ళు రెండు ఎప్పుడూ ఫిల్ములో పడేవి.
డాక్టరు గారు నవ్వేవారు:
"జక్రయ్యా, ఈ ఎముకలు నీవే కదూ!"

నొప్పి లేదు. వెచ్చదనం లేదు. వాసనైనా లేదు.
మిషను టక్కుమనేది, అంతే.

ఇప్పుడు గోరు పక్కన మానని పుండు.
కాకినాడలో ముక్క తీసి చూసి పేరు చెప్పారు.
ఏ రోజుది, ఏ పిల్లాడి నాటిది అని అడిగాను.
"ఎవరూ చెప్పలేరండీ" అంది ఆ చిన్న డాక్టరమ్మ.
కాగితం మీద మెలితిరిగిన నిచ్చెన గీసింది.
నాకు అర్థం కాలేదు.

సువార్తమ్మకి అయింది.
లేసు అల్లుతూ, తలెత్తకుండా అంది:
"ఒక పోగు తెగితే రెండోదాన్ని చూసి అతికేస్తాం.
రెండూ ఒకే చోట తెగాయనుకో,
ఏ కొసకి ఏ కొస ముడెయ్యాలో
చీకట్లో ఎవరికి తెలుస్తుంది?"

ఆమె సంగతి నాకు తెలుసు.
ఒక్క కన్ను తప్పినా మూడు వరసలు విప్పేస్తుంది.
మరీ పాడైతే కత్తిరించి పొయ్యిలో పడేస్తుంది.
కణమూ అంతేనట. బాగుచేసుకుంటుంది,
కుదరకపోతే తనే రాలిపోతుంది, ఇరుగుపొరుగుకి తెలియకుండా.
ఏ ఒక్కటో
తప్పు ముడితోనే తర్వాతి వరసకి దాటుతుంది.
దాని మీద ఇంకో తప్పు. ఏళ్ళకి మరొకటి.
చివరికి, ఇక్కడితో ఆపు అని చెప్పే కుట్టే ఊడిపోతుంది.
ఇక అంచు లేదు. అల్లుకుంటూనే పోతుంది,
లాకు దగ్గర గుర్రపుడెక్కలాగ,
నీటి మీద ఆకాశానికి చోటివ్వకుండా.

కోపం ఎవరి మీద పెట్టుకోను?
సైకిలు చువ్వల పిల్ల ఇప్పుడు మొగల్తూరులో నర్సు.
మొన్న బస్టాండులో నా కట్టు చూసి
"ఏమైంది బాబాయ్" అంది.
నీ మడమ ఎలా ఉందే అన్నాను.
అంత జనంలో, నడిచి చూపించింది.

సోమవారం వేలు తీసేస్తారు.
రేపు ఏజెంటుకి ఇవ్వాల్సిన బల్లగుడ్డని
సువార్తమ్మ మళ్ళీ విప్పుతోంది.
ఏడో వరసలో ఎక్కడో ఉందట.
కరెంటు పోయింది.
టార్చి నేను పట్టుకున్నాను, ఎడంచేత్తో.