గిరక

ఎనిమిది పెన్సిల్ సెల్లులు, రెండు ముక్కల గొట్టం,
చివరకు పళ్ళెమంత చక్రం.
కోఠిల సెకండ్‌హ్యాండ్‌ది కొన్న,
కొల్లాపూర్ బస్సుల ఒళ్ళె పెట్టుకొని తెచ్చిన.
కండక్టర్ అడిగితే ఫ్యాన్ పార్టు అన్న.

రేడియోలు బాగుచేసే గఫార్‌కు
రేడియోలు లేని కాలంల ఇదే గిరాకి.
రాత్రికి ఆరు నూర్లు. దొరికిన దాంట్ల వాటా వద్దు.
వాటా అడిగినోళ్ళ పేర్లు ఠాణల ఉంటయి.

ఈ ఎండలకు కృష్ణ బాగ వెనక్కి జరిగింది.
ఈదులమడుగు బయటపడ్డది.
ఊరు కాదు, ఊరంత బురద,
ఎండి, పగిలి, పెంకులు పెంకులు లేచిన బురద.
లంకెబిందెలు ఉన్నయని ఎవరో అన్నరు,
నీళ్ళొచ్చిన రాత్రి షావుకారి ఎత్తుకపోలేకపోయిండని.
నలుగురు పిల్లగాండ్లు, ఒక నిమ్మకాయల సంచి,
వాండ్ల ఎనక, ఎవ్వరు పిలవకున్నా, ఊశమ్మ.

"ముందు ఒంటి మీది లోహం తియ్యున్రి" అన్న.
వాచీలు, తాళంచెవులు, మొలతాడు తాయెత్తులు,
కుర్మయ్య చెప్పులు గూడ, వాటికి మేకులున్నయని.
ఒక్కొక్కటి నా రుమాల్ల పడుతుంటె
పెండ్లిల కట్నాలు చదివిచ్చినట్లుండె.
ఊశమ్మ కాళ్ళ కడియాలు రాలేదు.
"యాభై ఏండ్ల సంది రానియి
నీ మిషిన్ కోసం వస్తయా?"
దూరం కూసొమ్మన్నం. కూసోలె.

తర్వాత చెవులకు డబ్బాలు తగిలించుకొని
నేలను మరిపించాలె.
ఇది చెప్తే ఎవ్వరికి సమజ్ కాదు.
మన మట్టిల ఇనుమున్నది, అందుకే గంత ఎరుపు.
మిషిన్‌ల మొదట మట్టే మొత్తుకుంటది.
చక్రం లేపాలె, దించాలె, మల్ల లేపాలె,
చంటిపిల్లను ఊపినట్లు,
ఎడమ చేత బిర్రు తిప్పుకుంట.
ఆ మొత్తుకోలు సన్నగై, ఇంకా సన్నగై,
దోమంతయి, పోతది.
మట్టి మూగదయితే మిషిన్ తయారు.

ఇగ నడక. వరి కోసినట్ల ఎడమ, కుడి,
నేలకు బెత్తెడు ఎత్తుల, తాకకుంట.
ఇనుమైతే బొంగురు. వెండి, ఇత్తడైతే గంట.
బంగారం ఎట్ల మోగుతదో నాకు తెల్వదు,
పదకొండేండ్లయినా తెల్వదు.
అడిగినోళ్ళకు మాత్రం తీయగ మోగుతదని చెప్తా.

దొరికినయి:
నాగలి కర్రు ముక్క, ఎడ్ల నాడాలు నాలుగు,
మూత లేని సుర్మాడబ్బి,
నడుమ తొర్ర ఉన్న రాగి పైస.
ఆ పైసకే ఎల్లేశు నిమ్మకాయ కోసిండు.

రెండు జాములకు చక్రం కింద
బొంగురు గొంతు ఒకటి, వెడల్పుగ, ఆగకుంట.
బిందె మూతే అన్నరు.
మూరెడు తవ్విన్రు. గడ్డపార ఠంగుమన్నది.
లైటు కొట్టి చూస్తే
బురద కక్కుతున్న ఇనుప గిరక.

"థూ" అన్నడు కుర్మయ్య.
ఊశమ్మ వంగి, కొంగుతోని తుడిచి,
గాడి వెంట వేలు తిప్పింది.
"చిన్నబాయిది. తాడు ఇటుదిక్కే ఒరిసేది,
సూడు, అరిగింది."
లేసింది. తూర్పు ఎటని అడగలె.
పది అడుగులేసి "కుమ్మరి ఆము" అన్నది.
ఇంకో ఇరవై వేసి,
"ఇది షావుకారి అరుగు. తవ్వుకోన్రి.
వాడే నాకు బాకీ,
రెండు కుంచాల జొన్నలు."
ఉత్త బురద మీద ఆమె
సందుల కాడ సందుల కాడ మర్లుతుంటె
మేం అయిదుగురం, గోడలకు తగలకుంట,
ఒకరెనక ఒకరం నడిచినం.
కడియాలు దగ్గరికొచ్చినప్పుడల్లా
నా చెవులల్ల గంట.
డబ్బాలు తియ్యబుద్ధి కాలె.

అరుగు కాడ కుర్మయ్య తెల్లారేదాక తవ్విండు.
నడుములోతుల నీళ్ళూరినయి.

ఆరు నూర్లల్ల నాలుగే ఇచ్చిన్రు.
గిరక ఎవ్వరు అడగలె,
బండెనక కట్టుకొని తెచ్చిన.
తుప్పుకు బిగుసుకున్నది, తిరగదు.
కిరోసిన్ల నానేసిన.
మూడో నాడు ఇంత కదిలి, మల్ల ఆగింది.
ఊశమ్మ రోజు షాపుకొచ్చి అడుగుతది,
ఇచ్చిపోయిన రేడియో
అయిందా అన్నట్లు.